గట్టున పడి ఉన్న పాత చెక్క పడవ: బాగు చేయించాలా, వదిలేయాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. కోనసీమలో లంక పొలానికి వెళ్లిరావడానికి మీ నాన్నగారు వాడిన ఇరవై అడుగుల చెక్క పడవ చాలా ఏళ్లుగా కొబ్బరితోటలో తాటాకు పాక కింద ఉంది. కుడి పక్క ఒక పలక పగిలి అరచెయ్యి పట్టేంత కన్నం పడింది. పలకల మధ్య గోరు దూరేంత సందులు వచ్చాయి. వెనక కొస లోపలి వైపు నల్లబడింది. ఒక మేస్త్రీ బాగు చేస్తానన్నారు. ఇంకొకరు పడవ మొత్తానికీ ఫైబర్ పూత (గాజు నార మీద రెసిన్ అనే జిగురు పట్టించి వేసే పొర) వేయిస్తే కొత్తదైపోతుందన్నారు. మీ బంధువు ఒకాయన దాన్ని వంటచెరకు కింద అమ్మేసి కొత్త ఫైబర్ పడవ కొనుక్కోమన్నారు. ఎవరి మాట వినాలి అని అడిగారు.

ఇప్పుడప్పుడే ఎవరి మాటా వినకండి. ముందు పడవను బోర్లా తిప్పించి చూడండి. అడుగు దూలం (పడవ కింద కొస నుంచి కొస దాకా వెన్నెముకలా ఉండే దుంగ), రెండు కొసలు, లోపలి వంపు కర్రల్లో (పలకలను పట్టి ఉంచే పక్కటెముకల్లాంటివి) ఎక్కువ భాగం గట్టిగా ఉంటే నిస్సందేహంగా బాగు చేయించండి. అడుగు దూలం చివర కాస్తే కాకుండా లోపలి దాకా పుచ్చిందంటే వదిలేయండి. కన్నాన్ని, సందులను చూసి ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. మీరు రాసిన మూడు లోపాల్లో నన్ను ఆలోచనలో పడేసింది నల్లబడిన వెనక కొస ఒక్కటే. మిగతా రెండూ కొద్దిరోజుల పని.

నేను తాళ్లరేవు, యానాం వైపు చెక్క పడవల పని నేర్చుకున్నవాడిని. ఇప్పుడు చేతికి వచ్చే పనిలో ఎక్కువ భాగం ఫైబరే. కాబట్టి చెక్క మీద మమకారంతోనో, ఫైబర్ మీద కోపంతోనో ఇది రాయడం లేదు. మా వైపు కోరంగి రేవులో ఒకప్పుడు సముద్రం దాటే ఓడలు కట్టేవారు. 1789, 1839 తుపానులతో ఆ రేవు దెబ్బతిన్నది కానీ పడవ పని తెలిసిన కుటుంబాలు చుట్టుపక్కల ఇంకా కొన్ని మిగిలాయి. ఇది ఎందుకు చెబుతున్నానంటే, మంచి మేస్త్రీ దొరకడం కూడా మీ నిర్ణయంలో భాగమే. ఇంటి తలుపులు చేసే వడ్రంగి ఎంత పనిమంతుడైనా పడవ పలక వేయలేడు. ఆ వంపులు వేరు, ఆ అతుకులు వేరు.

ఎలా చూడాలి

చెప్పులు కుట్టే ఆరె లాంటిది ఒకటి, చిన్న సుత్తి ఒకటి, టార్చిలైటు ఒకటి చాలు. పడవను తిప్పడానికి నలుగురు సరిపోరు, ఎనిమిది మందిని పిలవండి. ఎండిన పడవ పట్టు తప్పి ఒక మూల మీద పడితే అప్పటిదాకా బాగున్న చోట కూడా విరుగుతుంది.

అడుగు దూలాన్ని ముందు కొస నుంచి వెనక కొస దాకా జానెడుకు ఒకచోట ఆరెతో పొడుస్తూ రండి. గట్టి చెక్కలో మొన కాస్త దిగి ఆగిపోతుంది, లాగితే పట్టుకున్నట్టు ఉంటుంది. పుచ్చిన చెక్కలో చెరుకు పిప్పిలోకి దిగినట్టు దిగిపోతుంది. అనుమానం ఉన్న చోట మొనను పక్కకు వంచి చిన్న పేడు లేపండి. పేడు పొడుగ్గా, పీచులతో లేస్తే చెక్క బతికే ఉంది. చప్పుడు లేకుండా పొట్టి ముక్కగా విరిగిపోతే ఆ చెక్క పని అయిపోయింది. పైకి రంగు నిగనిగలాడుతున్నా సరే, ఈ పరీక్ష అబద్ధం చెప్పదు.

తర్వాత మళ్లీ వెల్లకిలా తిప్పి లోపలి వైపు చూడండి. వంపు కర్ర అడుగు దూలం మీద కూర్చునే చోటు, పలకలు కొసల్లో కలిసే చోటు, పై అంచు పట్టీ కింద భాగం, ఈ మూడూ ముఖ్యం. మట్టి, ఆకులు, పాత తారు పేరుకుని ఉంటాయి కాబట్టి ముందు గోకి శుభ్రం చేయాలి. మధ్యలో పలక ఎంత బాగుందో చూసి మురిసిపోకండి, మధ్య పలక సాధారణంగా అన్నిటికన్నా చివర పోతుంది.

మీ పడవ తోటలో ఉంది కాబట్టి ఇంకొకటి: చెదలు. అడుగు దూలం నేలకు ఆనుకుని ఉందా, లేక కింద ఇటుకలో కొబ్బరి దుంగలో పెట్టారా? నేలకు ఆనితే చెదలు కింద నుంచి ఎక్కి దూలం గుండెను తినేసి పైపొరను అలాగే వదిలేస్తాయి. సుత్తితో తడుతూ వెళ్లండి. గట్టి చెక్క ఖంగుమంటుంది. డొల్ల చెక్క బొదబొదమంటుంది. చెవికి తేడా తెలియడానికి ముందు బాగున్నదని నమ్మకం ఉన్న చోట రెండుసార్లు తట్టి వినండి.

నలుపంతా పుచ్చు కాదు

వెనక కొస నల్లబడిందన్నారు. మద్ది లాంటి చెక్కలో ఇనుప మేకు చుట్టూ నల్లటి మచ్చ రావడం మామూలే. మేకు తుప్పుకూ చెక్కలోని వగరుకూ పడే రంగు అది. చేత్తో తాకితే గట్టిగానే ఉంటుంది. అదే నలుపు అరచెయ్యి వెడల్పున పరుచుకుని, గోరు గుచ్చితే దిగుతూ, పుట్టగొడుగు వాసన వేస్తే అది పుచ్చు.

మీరు పాకలోకి వెళ్లినప్పుడు ఒక పని చేయండి. సరిగ్గా ఆ వెనక కొసకు పైన తాటాకు కప్పు ఎలా ఉందో తలెత్తి చూడండి. అక్కడ చిల్లు ఉండి, పడవ వెనక్కి వాలి ఉంటే, ఏటేటా వాన నీరు అక్కడే నిలిచిందన్నమాట. చాలామంది ఉప్పునీరు పడవను తింటుందనుకుంటారు. పుచ్చు విషయంలో వాన నీరే అసలు శత్రువు. పూర్తిగా నీళ్లలో మునిగి ఉన్న చెక్కకు గాలి అందదు కాబట్టి పుచ్చదు. పూర్తిగా ఎండిన చెక్కలో, తేమ 20 శాతం కన్నా తక్కువ ఉంటే, పుచ్చు బూజు పెరగదు. తడీ గాలీ కలిసిన చోటే అది బతుకుతుంది. అందుకే రోజూ ఏట్లో తిరిగిన పడవ ఏళ్ల తరబడి నిలుస్తుంది, గౌరవంగా గట్టున పెట్టిన పడవ కుళ్లిపోతుంది.

కొస పుచ్చినా ఆశ వదులుకోనక్కర్లేదు. కొస దిమ్మ ఒక్కటే పోతే దాన్ని మార్చవచ్చు. కానీ పుచ్చు కనిపించిన చోట ఆగదు. రేఖల వెంట లోపలికి పాకుతుంది. కాబట్టి కనబడే హద్దు దాటి కనీసం అడుగు దూరం వరకు గట్టి చెక్క వచ్చేదాకా కోయాలి. అలా కోస్తూ వెళితే అడుగు దూలంలోకి ఎంత వస్తుందన్నదే ప్రశ్న. దూలం చివర ఒక మూర పోతే అతకవచ్చు. వంపు కర్రలు కూర్చునే భాగంలోకి వచ్చేసిందంటే పడవను విప్పి మళ్లీ కట్టినట్టే. ఆ డబ్బుతో కొత్తది వస్తుంది.

మీ పడవ ఏ పాయలో తిరిగిందో రాయలేదు. సముద్రానికి దగ్గర్లో, వేసవిలో నీరు ఉప్పెక్కే చోట తిరిగి ఉంటే పలకలను తొలిచే పురుగు సంగతి కూడా చూడాలి. చూడటానికి పురుగులా ఉంటుంది కానీ అది ఆల్చిప్పల జాతి జీవి. బయట గుండుసూది తలంత కన్నం కనిపిస్తుంది, లోపల పెన్సిల్ లావు సొరంగం ఉంటుంది, దాని గోడలకు తెల్లటి సున్నపు పూత. ఇన్నేళ్లు గట్టున ఉంది కాబట్టి పురుగులు ఎప్పుడో చచ్చి ఉంటాయి, సొరంగాలు మాత్రం అలాగే ఉంటాయి. పాతవాళ్లు పడవను ఒడ్డుకు లాగి అడుగున కొబ్బరి ఆకుల మంట చూపించేది ఈ బాధ పడలేకే.

సందుల గురించి కంగారు వద్దు, తొందర అసలే వద్దు

ఎండిన చెక్క కుంచించుకుపోతుంది, సందులు తెరుచుకుంటాయి. తడిస్తే ఉబ్బుతుంది, చాలా సందులు వాటంతట అవే మూసుకుంటాయి. ఈ మాట తెలియనివాళ్లు చేసే పని ఏమిటంటే, పొడిగా ఉన్నప్పుడే సందుల్లో సిమెంటో, ఎం-సీల్ లాంటి గట్టిపడే ముద్దో కుక్కేస్తారు. పడవ నీళ్లలోకి దిగాక పలకలు ఉబ్బుతాయి, జరగడానికి చోటుండదు. అప్పుడు మేకులు లాగేసుకుంటాయి, లేదా వంపు కర్ర విరుగుతుంది. సందు పూడ్చబోయి పడవనే విరగ్గొట్టినట్టవుతుంది.

కన్నం పడిన పలక సంగతి తేలి, దూలం బాగుందని నమ్మకం కుదిరాక, పడవ లోపల గోనె సంచులు పరిచి వాటిని రోజూ తడుపుతూ ఒక వారం పది రోజులు ఉంచండి. అప్పటికీ మూసుకోని సందులు ఎక్కడున్నాయో సుద్దతో గుర్తు పెట్టండి. వాటిలో మాత్రమే దూది పేని కూరి, పైన గుగ్గిలాన్ని నూనెలో మరిగించిన ముద్ద పెడతారు. మా వైపు పాత పద్ధతి అదే, ఇప్పటికీ దాన్ని మించింది నేను చూడలేదు. మెత్తగా ఉండే కొత్త రకం ముద్దలు ట్యూబుల్లో వస్తున్నాయి, అవీ పనిచేస్తాయి. గట్టిగా రాయిలా బిగుసుకునేది ఏదైనా వద్దు.

మేకులు కూడా ఇప్పుడే చూడాలి. తుప్పు పట్టిన ఇనుప మేకు చుట్టూ చెక్క మెత్తబడి పట్టు వదిలేస్తుంది. అదే కన్నంలో కొత్త మేకు కొడితే పట్టదు. పాత కన్నాన్ని చెక్క బిరడాతో మూసి, రెండు మూడు అంగుళాల పక్కన కొత్త కన్నం వేసి, జింకు పూసిన మేకో రాగి మేకో వేయాలి. పలకను చేత్తో బయటికి లాగితే వంపు కర్ర నుంచి కదులుతుందా? ఒకటి రెండు చోట్ల కదిలితే ఫరవాలేదు. పడవ పొడవునా కదులుతుంటే మొత్తం మేకులు మార్చాలి. మేస్త్రీ కూలిలో పెద్ద భాగం అక్కడికే పోతుంది, అంచనాలో అది రాశారో లేదో చూసుకోండి.

కన్నం

నిజంగా చిన్న విషయం. పగిలిన చోట చుట్టూ చిల్లు పూడ్చినట్టు ముక్క అంటించకూడదు. ఆ పలకను ఒక వంపు కర్ర నుంచి ఇంకో వంపు కర్ర దాటేదాకా కోసి, అదే మందం, అదే రకం చెక్కతో కొత్త పలక వేయాలి. అతుకు ఏటవాలుగా ఉండాలి, పలక మందానికి ఎనిమిది రెట్ల పొడవున వాలు రావాలి. అంగుళం పలకకు ఎనిమిది అంగుళాల వాలు. మేస్త్రీ అంత చెక్క దండగ అంటే ఇంకో మేస్త్రీని చూసుకోండి. కింది పలకలో అతుకు ఉన్న చోటే పై పలకలో కూడా అతుకు రాకూడదు.

వంపు కర్రల్లో ఒకటి రెండు విరిగితే వాటిని తీయకుండానే పక్కన తోడు కర్ర వేస్తారు. వంకర తిరిగిన తుమ్మ కొమ్మ అయితే రేఖ తెగకుండా వంపు వస్తుంది. నిటారు చెక్కను వంపుగా కోసి వేస్తే మధ్యలో విరుగుతుంది. మొత్తం కర్రల్లో మూడో వంతు కన్నా ఎక్కువ పోయాయంటే నేను పని ఒప్పుకోను.

ఒకసారి తుపానులో కొబ్బరి చెట్టు పడి ఒక పక్క మూడు పలకలు నుజ్జయిన పడవ వచ్చింది. ఇంట్లోవాళ్లు దాన్ని చూసి ఏడ్చినంత పని చేశారు. అడుగున టేకు దూలం, ఎక్కడ పొడిచినా ఆరె దిగలేదు. పలకలు మార్చాం, అది ఇప్పటికీ గడ్డి మోస్తోంది. ఇంకోసారి నీలం రంగు తాజాగా వేసిన పడవ, ఒక్క చిల్లు లేదు, కొద్దిగా నీరు ఊరుతోందని తెచ్చారు. దూలం మధ్యలో ఆరె పిడి దాకా దిగింది. చేయనన్నాను. ఆయన వేరేచోట దాని మీద ఫైబర్ వేయించుకున్నారు. రెండో వరద సీజనుకు ఫైబర్ పొర పొట్టులా లేచిపోయింది, లోపల చెక్క గుప్పిట్లో నలిగేలా ఉంది.

అందుకే ఫైబర్ పూత గురించి నా మాట వినండి

మీకు సలహా ఇచ్చిన రెండో ఆయన అబద్ధం చెప్పలేదు, సగం చెప్పారు. చెక్క మీద ఫైబర్ పూత మంచి పద్ధతే. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక పరిజ్ఞాన సంస్థ రబ్బరు చెట్టు చెక్కకు మందు పట్టించి, పైన ఫైబర్ పూత వేసి చిన్న పడవలు చేసి చూపించింది. విశాఖపట్నంలో కూడా వాళ్ల కేంద్రం ఉంది. కానీ అక్కడ చెక్క కొత్తది, మందు పట్టినది, ఆరినది. మీ నాన్నగారి పడవకు ఏటా చేప నూనో జీడి నూనో పట్టించి ఉంటారు కదా? ఆ నూనె చెక్కలోకి ఇంకి ఉంటుంది. నూనె ఉన్న చెక్కను, తడి చెక్కను మామూలు పాలిస్టర్ రెసిన్ పట్టదు. ఎపాక్సీ అనే ఇంకో రకం రెసిన్ కొంత నయం, ధర చాలా ఎక్కువ, దానికీ ఆరిన చెక్క కావాలి. పైగా పలకలు కట్టిన పడవలో ప్రతి పలకా తడికి ఉబ్బుతూ ఎండకు కుంగుతూ ఉంటుంది, బిగుసుకున్న పొర దాంతో పాటు కదలలేదు. ఎక్కడో సన్నగా చిట్లుతుంది, నీరు లోపలికి పోతుంది, బయటికి రాదు. పుచ్చు కంటికి కనబడకుండా పెరగడానికి అంతకన్నా అనువైన చోటు ఉండదు. పుచ్చిన చెక్కను ఫైబర్‌తో కప్పడం అంటే జబ్బును దాచడమే.

ఇది చదివేవాళ్లలో ఎవరిదైనా పూర్తి ఫైబర్ పడవ అయితే లెక్క సులువు. పగులు చుట్టూ పాత పొరను వాలుగా అరగదీసి, అసిటోన్‌తో తుడిచి, పొర మీద పొర వేస్తే బాగవుతుంది. నాణెంతో తడితే మంద్రంగా మోగే భాగం, కాలితో నొక్కితే లొట్టపడే అడుగు చాలాచోట్ల ఉంటేనే ఆలోచించాలి. కొల్లేటి వైపు తాటి దోనె అయితే ఈ సమాధానమే వర్తించదు. దాంట్లో మార్చడానికి పలకలుండవు, బయటి గట్టి పొర మెత్తబడిన రోజున కొత్త తాడి చూసుకోవడమే.

డబ్బు, అవసరం

రూపాయల్లో చెప్పను, చెక్క ధర ఊరికో తీరుగా ఉంది. నేను పెట్టుకున్న హద్దు చెబుతాను: బాగు చేయడానికయ్యే ఖర్చు అదే కొలత కొత్త ఫైబర్ పడవ ధరలో సగం దాటితే, మామూలు అవసరానికి కొత్తదే కొనమంటాను. అంచనాలో చెక్క, మేకులు, కూలి, మేస్త్రీ భోజనం, పడవను తరలించే ట్రాక్టరు అన్నీ విడివిడిగా రాయించుకోండి. పని మొదలయ్యాక లోపల ఇంకో పుచ్చు బయటపడటం మామూలే, కాబట్టి పైన పాతిక శాతం కలుపుకోండి. పడవను తిప్పకుండా, పొడవకుండా ఫలానా అంకె చెప్పినవారికి బయానా ఇవ్వకండి.

ఇంకో లెక్క కూడా ఉంది, దాన్ని జనం మరిచిపోతారు. చెక్క పడవకు ఏటా పని ఉంటుంది. గోకాలి, నూనె పట్టించాలి, సందులు చూడాలి. మీరు హైదరాబాద్‌లో ఉంటూ పండక్కి ఒకసారి ఊరొస్తే ఆ పని ఎవరు చేస్తారు? లంక పొలాన్ని కౌలుకిచ్చి ఉంటే ఆ కౌలు రైతుకు పడవ నిజంగా కావాలా, వాడుతూ చూసుకుంటారా అని అడగండి. ఆయన సరేనంటే బాగు చేయించడానికి అదే అన్నిటికన్నా బలమైన కారణం. వాడకం లేని పడవకు ఎంత ఖర్చు పెట్టినా మళ్లీ పాక కిందికే వస్తుంది. జ్ఞాపకంగా ఉంచుకోవాలనుకుంటే తప్పేమీ లేదు, కానీ అప్పుడు పలకలు మార్చడం అనవసరం. పుచ్చు గోకి, మందు పూసి, కప్పు సరిచేసి, కింద దిమ్మలు పెట్టి ఉంచండి. నీళ్లలోకి మాత్రం దింపకండి, పిల్లలు ముచ్చటపడినా సరే.

కొత్త ఫైబర్ పడవ వైపు మొగ్గితే ఒక్క జాగ్రత్త. చెక్క పడవ నీటితో నిండినా సాధారణంగా మునిగిపోదు, పట్టుకుని తేలవచ్చు. ఫైబర్ పడవకు ముందూ వెనకా మూసిన గాలి అరలో, లోపల ఫోమో లేకపోతే నిండగానే కిందికి పోతుంది. చవకగా వస్తోందని అరలు లేనిది కొనకండి. ఏ పడవ అయినా వరద రోజుల్లో లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కకండి, కూలీలను ఎక్కించకండి.

పని ఎప్పుడు పెట్టుకోవాలంటే, సంక్రాంతి దాటాక. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల చేపల వేట నిషేధం. ఆ రెండు నెలలూ సముద్రం పడవలన్నీ ఒడ్డుకు చేరతాయి, మంచి మేస్త్రీ అప్పుడు మీ ఫోను కూడా ఎత్తరు. జూలై వస్తే వరదలు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో వానలు దాదాపు ఉండవు, మేస్త్రీలకు తీరిక ఉంటుంది, కొత్త పలకకు తెచ్చిన చెక్క కూడా నీడలో ఆరుతుంది. ఈలోగా చేయాల్సింది ఖర్చు లేని పని. పాక కప్పు బాగు చేయించండి, పడవ వెనక కొసను ముందు కన్నా కాస్త ఎత్తులో పెట్టించండి, ఆరె తీసుకుని దూలాన్ని పొడిచి చూడండి. వెనక నుంచి ఎన్ని జానెల దాకా మెత్తగా ఉందో రాస్తే మిగతాది అప్పుడు చెబుతాను.